ఎక్కుడు మీద హ్యాండ్ బ్రేక్ వాడటం చేతగానితనం కాదు

మా వైపు డ్రైవర్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఎక్కుడు మీద, అంటే పైకి ఎక్కే రోడ్డు మీద, బండి ఆగితే హ్యాండ్ బ్రేక్ ముట్టుకోకుండా, హాఫ్ క్లచ్ మీదే (క్లచ్ పెడల్ సగం వదిలి) నిలబెట్టి ముందుకు తీసుకుపోయేవాడు గట్టి డ్రైవరట. హ్యాండ్ బ్రేక్ గుంజి, మెల్లగా వదులుతూ కదిలేవాడు కొత్తోడట. ఘాట్‌లో పక్క సీట్లో కూర్చున్నవాళ్లు "ఏందన్నా, నిన్ననే నేర్చుకున్నవా?" అని మొహం మీదే అనేస్తారు. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల క్లచ్‌లు కాలిపోతున్నాయి. అంతకంటే ముఖ్యం, వెనక ఉన్న బండివాళ్లు, పక్కన నడిచిపోయే మనుషులు ప్రమాదంలో పడుతున్నారు. అందుకే ఇది కాస్త వివరంగా రాయాలనిపించింది.

దక్షిణ తెలంగాణ అంటే అంతా చదును నేల, చల్కలు, చెరువులు అనుకుంటారు బయటివాళ్లు. కానీ మన దేవుళ్లలో చాలామంది గుట్టల మీదే ఉన్నారు. నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు, మహబూబ్‌నగర్ పక్కన మన్యంకొండ, అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం, ఉమ్మడి నల్గొండలో యాదగిరిగుట్ట. అన్నిటికీ పైదాకా బండ్లు పోతాయి. ఇక హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు సంగతి చెప్పనక్కర్లేదు. మన్ననూరు దాటి నల్లమలలోకి పోయాక, దోమలపెంట, ఈగలపెంట మీదుగా కృష్ణా నది వైపు మూలమలుపులు తిరుగుతూ దిగుతుంది. మామూలు రోజుల్లో ఈ రోడ్ల మీద ఇబ్బంది లేదు, రెండో గేర్లోనో మూడో గేర్లోనో ఆగకుండా ఎక్కేస్తాం. అసలు కష్టం రద్దీ రోజుల్లో. శివరాత్రికి, అమావాస్యకు చెర్వుగట్టులో, వానాకాలంలో శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తినప్పుడు. గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, జనం రోడ్డు పక్కనే కార్లు ఆపి ఫోటోలకు దిగుతారు. తిరుగు ప్రయాణంలో ఈగలపెంట వైపు ఎక్కే బండ్లు పది అడుగులకోసారి ఆగాల్సి వస్తుంది. అంటే ఎక్కుడు మీద ఆగి కదలడం ఒక్కసారితో పోయేది కాదు, కొండ ఎక్కినంతసేపూ అదే పని.

ఆ ఆగి కదలడంలో ఏం జరుగుతుందో చూడండి. 1,200 కిలోల కారు, వంద అడుగులకు పది అడుగులు లేచే ఎక్కుడు అనుకుందాం. ఆ ఎక్కుడు మీద కారును వెనక్కి లాగే బలం సుమారు 120 కిలోల బరువుతో సమానం. బ్రేకు మీంచి కాలు తీసి ఎక్సలేటర్ మీద పెట్టడానికి ఒక సెకను పట్టిందనుకోండి, ఆ సెకనులో బండి దాదాపు మూరెడు వెనక్కి జారుతుంది. రెండో సెకను గడిస్తే మూరెడుతో ఆగదు, వేగం పెరుగుతుంది కాబట్టి నాలుగింతలవుతుంది. ఘాట్ ట్రాఫిక్‌లో మన వెనక బండి ఎంత దూరంలో ఉంటుందో అందరికీ తెలుసు. మూరెడు సందు ఉంటే బైకువాడు దూరిపోతాడు.

జారుడు మొదలైతే మనిషికి టెన్షన్ వస్తుంది. టెన్షన్ వస్తే చేసే పని ఒకటే, ఎక్సలేటర్ గట్టిగా తొక్కి క్లచ్ ఒక్కసారిగా వదిలేయడం. ఇంజన్ ఆగిపోవచ్చు. లేదంటే ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి కంకర చిమ్మవచ్చు. మనలో ఎక్కువమంది నడిపే చిన్న కార్లకు ఇంజన్ బలం ముందు చక్రాలకే అందుతుంది. ఎక్కుడు మీద బరువు వెనక్కి మళ్లుతుంది. పైగా వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సంచులు. ముందు చక్రాల మీద భారం తగ్గి, నేలమీద పట్టు తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే వాటికి ఒక్కసారిగా జోరు ఇస్తే అవి జారక ఏం చేస్తాయి? హ్యాండ్ బ్రేక్ ఉపయోగం ఇక్కడే ఉంది. అది వెనక చక్రాలను పట్టుకుంటుంది, అంటే ఎక్కుడు మీద ఎక్కువ బరువు మోస్తున్న చక్రాలనే. బండి వెనక్కి పోదన్న ధైర్యం డ్రైవర్‌కు వస్తుంది, క్లచ్ నిదానంగా వదలడానికి సమయం దొరుకుతుంది. జోరు నిదానంగా అందితే చక్రం నేలను పట్టుకుంటుంది. హ్యాండ్ బ్రేక్ వాడితే చక్రాలకు పట్టు పెరుగుతుందని డ్రైవర్లు అంటుంటారు కదా, నా దృష్టిలో ఆ మాటకు మొదటి అర్థం ఇదే.

క్లచ్ మీద బండిని నిలబెట్టడం ఎంత నష్టమో మాటల్లో చెప్తే ఎవరూ నమ్మరు. అచ్చంపేటలో మాకు తెలిసిన మెకానిక్ అన్న షెడ్డులో ఒకసారి గేర్ బాక్స్ దించిన కారు చూశాను. యజమాని ప్రతి పండక్కీ కుటుంబంతో శ్రీశైలం పోయే మనిషి. క్లచ్ ప్లేటు చేతిలో పెట్టాడు అన్న. ప్లేటుకు రెండు వైపులా ఉండాల్సిన మెటీరియల్ అరిగి, దాన్ని పట్టి ఉంచే రివిట్ల తలలు పైకి తేలి మెరుస్తున్నాయి. ఎదురుగా ఉండే ప్రెషర్ ప్లేటు మీద నీలం మచ్చలు, ఇనుము కాలినప్పుడు వచ్చే నీలం. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా కాలిన వాసన. "పరుగు తక్కువే తమ్మీ. బండి నడిచి అరగలే ఇది, నిలబడి అరిగింది" అన్నాడు. కారు కదలకుండా హాఫ్ క్లచ్ మీద ఉన్నంతసేపూ ఇంజన్ వైపు పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, గేర్ బాక్స్ వైపు ప్లేటు ఆగి ఉంటుంది. రెండూ ఒరుసుకుని వేడెక్కడం తప్ప అక్కడ ఇంకేం జరగదు.

దీనికి ఎదురుగా ఒక వాదన వింటుంటాను. మా పక్కింటి పెద్దాయన ఒకరు "అట్ల ఊకె గుంజితే హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఖరాబైతది బిడ్డా" అంటారు. నిజమే, కేబుల్ సాగుతుంది. కానీ సాగిన కేబుల్‌ను మెకానిక్ కొద్దిసేపట్లో బిగిస్తాడు, అవసరమైతే మారుస్తాడు. క్లచ్ పోతే గేర్ బాక్స్ దించాలి, ఖర్చు వేలల్లో, బండి షెడ్డులో. పెద్దాయన మాట మీద గౌరవంతోనే చెప్తున్నాను, లెక్క వేసుకుంటే కేబులే అరగనివ్వాలి.

పద్ధతి చెప్తాను. ఆగినప్పుడు కాలి బ్రేకు తొక్కి ఉంచి, హ్యాండ్ బ్రేక్ పైకి లాగండి. గట్టిగా, చివరిదాకా. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే గేరు న్యూట్రల్ చేసి క్లచ్ వదిలేయండి, ఎడమ కాలికి విశ్రాంతి. కదలాల్సి వచ్చినప్పుడు క్లచ్ తొక్కి మొదటి గేరు వేయండి. కాలి బ్రేకు మీంచి కాలు తీసి ఎక్సలేటర్ కొంచెం ఇచ్చి, ఆ శబ్దం అలాగే నిలబెట్టండి. ఇప్పుడు క్లచ్ మెల్లగా పైకి వదలండి. ఒక చోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా లేచినట్టు కనిపిస్తుంది, బండి వెనక భాగం కుంగుతుంది. బండి ముందుకు పోవాలని చూస్తోంది, హ్యాండ్ బ్రేక్ ఆపుతోంది. క్లచ్ కాలిని అక్కడే ఆపండి. ఎక్సలేటర్ ఇంకాస్త పెంచి, బటన్ నొక్కి హ్యాండ్ బ్రేక్ నిదానంగా దించండి. బండి అంగుళం కూడా వెనక్కి పోకుండా ముందుకు సాగుతుంది. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దిగిందో లేదో, డాష్ బోర్డు మీద ఎర్ర లైటు ఆరిందో లేదో చూసుకోండి. సగం పడి ఉన్న బ్రేకుతో కొండంతా ఎక్కితే వెనక డ్రమ్ములు కాలిపోతాయి.

చదువుతుంటే పెద్ద తతంగంలా ఉంటుంది కానీ చేతికి అలవాటైతే రెండు మూడు సెకన్ల పని. మా చెల్లెకు చెర్వుగట్టు ఘాట్ రోడ్డు మీద, జనం లేని మధ్యాహ్నం పూట ఇదే నేర్పించాను. ముందంతా "అన్నా, ఎనకకు పోతది, నాకు భయమైతది" అన్నది. బానెట్ లేవడం ఒక్కసారి కంటితో చూశాక ఆ భయం పోయింది. అప్పటిదాకా ఆమె నేర్చుకున్నదంతా కాలేజీ గ్రౌండ్‌లో. ‘8’ వేయడం, రివర్స్ పెట్టడం, గేర్లు మార్చడం, అన్నీ వచ్చు. ఎక్కుడు మీద ఆగడం మాత్రం ఎవరూ చూపించలేదు.

ఈ విషయంలో నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఎందుకంటే చట్టం ఈ పనిని ఎప్పుడో రాసి పెట్టింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో లైసెన్స్ పరీక్ష గురించి చెప్పే 15వ నిబంధన చూడండి. నిటారు ఎక్కుడు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్‌ను గానీ, ఎక్సలేటర్‌తో పాటు కాలి బ్రేకును గానీ సరిగ్గా వాడి, ఏమాత్రం వెనక్కి జారకుండా మళ్లీ కదిలించగలగాలని అందులో ఉంది. దిగుడులో త్వరగా చిన్న గేరుకు మారగలగాలని కూడా ఉంది. అంటే పక్క సీటువాళ్లు ఏ పనిని చేతగానితనం అంటున్నారో, అదే పని లైసెన్స్‌కు అర్హత. డ్రైవింగ్ నేర్పేవాళ్లు నేర్చుకునేవాళ్లను ఒక్క పూట ఏ గుట్ట దగ్గరికి తీసుకుపోయినా సరిపోతుంది. నల్గొండలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా గుట్ట వెతుక్కోవాల్సిన పని లేదు.

హ్యాండ్ బ్రేక్ లేకుండా ఎక్కుడు మీద కదలడం తప్పని నేను అనను. డీజిల్ బండ్లకు ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బలం ఉంటుంది. మామూలు ఎక్కుడు మీద కాలి బ్రేకు తొక్కి ఉంచి, క్లచ్ అందుకునే దాకా వదిలి, తర్వాత బ్రేకు తీస్తే బండి నిలబడుతుంది, సాగుతుంది. నిబంధన కూడా దాన్ని ఒప్పుకుంది. బాగా చేయి తిరిగినవాళ్లు అలా చేస్తే నాకు అభ్యంతరం లేదు. నిటారు ఎక్కుడు, పెట్రోల్ బండి, నిండా మనుషులు, తడి రోడ్డు, ఇవన్నీ కలిసిన చోట కూడా పంతానికి పోవడం మీదే నా అభ్యంతరం.

కొత్త కార్లలో హిల్ హోల్డ్ వస్తోంది కదా అంటారు. మంచిదే. కాలి బ్రేకు వదిలాక కూడా సుమారు రెండు సెకన్ల పాటు అది బ్రేకు పట్టి ఉంచుతుంది. ఆ తర్వాత వదిలేస్తుంది. ఈ సంగతి తెలియక, బండే పట్టుకుంటుందిలే అని నింపాదిగా కూర్చున్నవాళ్లు ఉన్నట్టుండి వెనక్కి జారి కంగారుపడతారు. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో సీటు బెల్టు పెట్టుకుని ఎక్సలేటర్ ఇస్తే అదే వదులుతుంది, చేతికి పని లేదు. ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) బండ్లవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పాలి. క్లచ్ పెడల్ లేదు కాబట్టి ఆటోమేటిక్ అనుకుంటాం గానీ లోపల ఉన్నది మామూలు క్లచ్చే, దాన్ని ఒక యంత్రం నొక్కుతుంది. హిల్ హోల్డ్ లేని ఏఎంటీ ఎక్కుడు మీద వెనక్కి జారుతుంది. ఎక్సలేటర్ మీద నిలబెడితే లోపల క్లచ్ కాలుతుంది. వాళ్లకు హ్యాండ్ బ్రేక్ అవసరం అందరికంటే ఎక్కువ.

లారీల దారి వేరు. వాటిని ఆపి ఉంచే పార్కింగ్ బ్రేక్‌ను బలమైన స్ప్రింగులు వేస్తాయి, గాలి ఒత్తిడి దాన్ని విడిపిస్తుంది. గాలి తగ్గితే బ్రేకు దానంతటదే పడుతుంది, గాలి నిండేదాకా బండి కదలదు. ఎక్కుడు మీద లారీ వెనక ఆగినప్పుడు దాని వెనక టైర్లు రోడ్డును తాకే చోటు మీ సీట్లోంచి కనిపించాలి. అంతకంటే దగ్గరికి పోవద్దు. ఇంకో మాట. లారీ ఆగిపోతే క్లీనర్ దిగి చక్రాల వెనక రాళ్లు పెడతాడు, అది మంచి పనే. బండి బాగయ్యాక ఆ రాళ్లను అక్కడే వదిలేసి పోవడం మాత్రం పాపం. రాత్రిపూట మలుపులో బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి కనిపించదు. దిగి పెట్టిన మనిషి దిగి తీయాలి.

ఇక పట్టు మాటకు రెండో అర్థం, బురదలో దిగబడిన బండిని హ్యాండ్ బ్రేక్ సగం గుంజి బయటికి తీయవచ్చనేది. ఇది మన డ్రైవర్లలో బాగా ప్రచారంలో ఉంది, నమ్మేవాళ్లు ప్రాణం పెట్టి నమ్ముతారు. ఇందులో కొంత నిజం, చాలా అతి ఉన్నాయని నా అభిప్రాయం.

పత్తి ఏరే రోజుల్లో నల్లరేగడి చేను గట్టున ఒక బొలెరో పికప్ దిగబడటం చూశాను. పత్తి బస్తాలు నింపి ఉంది, ముందురోజు వాన పడింది. వెనక ఎడమ చక్రం బురదలో, కుడి చక్రం గట్టు మీద గట్టి నేలపై. ఎక్సలేటర్ ఇచ్చినప్పుడల్లా ఎడమ చక్రం గిర్రున తిరిగి ఇంకా లోతుకు పోతోంది, కుడి చక్రం కదలడమే లేదు. ఎందుకంటే వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. జారే చక్రం ఎంత తీసుకోగలదో, గట్టి నేల మీద ఉన్న చక్రానికీ అంతే దక్కుతుంది. డ్రైవర్ హ్యాండ్ బ్రేక్ మూడు పళ్లు లాగి మళ్లీ ప్రయత్నించాడు. అతని లెక్క ఇది: జారే చక్రానికి బ్రేకు అడ్డం పడితే దాన్ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి, కాబట్టి రెండో చక్రానికీ ఎక్కువ బలం పోతుంది.

లెక్క సగం సరైనదే. రెండో చక్రానికి ఎక్కువ బలం పోతుంది. కానీ హ్యాండ్ బ్రేక్ ఆ చక్రాన్ని కూడా అంతే గట్టిగా పట్టుకుని ఉంది కదా. పెరిగిన బలంలో ఎక్కువ భాగాన్ని దాని సొంత బ్రేకే మింగేస్తుంది. మిగిలే లాభం చిన్నది. చక్రం గిర్రున తిరగడం తగ్గుతుంది కాబట్టి గుంత తవ్వడం ఆగుతుంది, టైరుకు కొంచెం పట్టు దొరుకుతుంది. డిఫరెన్షియల్ లోపలి పళ్ల రాపిడి వల్ల నెమ్మదిగా ఉన్న చక్రం వైపు ఓ పిసరు ఎక్కువ బలం పోతుంది. అర అంగుళంలో ఆగిపోయిన బండికి ఆ పిసరు సరిపోవచ్చు. ఇరుసు దాకా దిగిన బండికి సరిపోదు. ఆ బొలెరో కూడా దానితో బయటికి రాలేదు. బస్తాలు దించి, చక్రం కింద పత్తి కట్టె పరిచి, ట్రాక్టర్‌తో లాగాల్సి వచ్చింది. ఇదంతా వెనక చక్రాలతో నడిచే బండి మాట. ముందు చక్రాలతో నడిచే కారులో ఈ ఉపాయం అసలు చేయకండి. అక్కడ జారేది ముందు చక్రం, హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలను. బండిని మనమే ఆపుకున్నట్టు అవుతుంది.

హ్యాండ్ బ్రేక్‌తో సగం సగంగా జరిగే ఈ పనిని అసలు ఎలా చేయాలో చూడాలంటే ట్రాక్టర్ చూడాలి. ట్రాక్టర్‌కు కుడి కాలి దగ్గర రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. మడిలో ఒక చక్రం జారితే ఆ ఒక్క చక్రం బ్రేకే తొక్కుతాడు రైతు. రెండో చక్రం బ్రేకు వదిలే ఉంటుంది కాబట్టి పెరిగిన బలమంతా నేలకు అందుతుంది. డిఫరెన్షియల్ లాక్ తొక్కితే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, అది ఇంకా గట్టి మందు, కానీ మలుపులో వాడకూడదు. కొత్త కార్లలో వచ్చే ట్రాక్షన్ కంట్రోల్ చేసేదీ ఇదే, జారే చక్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది. మన రైతులు ఎన్నో ఏళ్లుగా మడిలో కాలితో చేస్తున్న పనిని ఇప్పుడు కారులో కంప్యూటర్ చేస్తోంది. రోడ్డెక్కే ముందు మాత్రం ఆ రెండు పెడళ్లను కలిపే గొళ్లెం తప్పకుండా వేయాలి. వడ్ల లోడుతో మిర్యాలగూడ మిల్లుకు పోయే ట్రాక్టర్ ఒక వైపు బ్రేకే తొక్కితే ట్రాలీతో సహా తిరగబడవచ్చు. నిండు ట్రాలీతో ఎక్కుడు మీద క్లచ్ ఒక్కసారిగా వదలడం కూడా అంతే ప్రమాదం, ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి.

గుట్ట మీద బండి ఆపి గుడికి పోయేవాళ్లకు కూడా కొన్ని మాటలు. హ్యాండ్ బ్రేక్ ఒక్కదాని మీదే భారం వేయకండి. బండి ముఖం పైకి ఉంటే మొదటి గేరు, కిందికి ఉంటే రివర్స్ గేరు వేసి ఇంజన్ ఆపండి. కిందికి ముఖం పెట్టి ఆపినప్పుడు బరువు ముందుకు పోయి వెనక చక్రాల పట్టు తగ్గుతుంది, అంటే హ్యాండ్ బ్రేక్ బలం కూడా తగ్గుతుంది. స్టీరింగ్‌ను రోడ్డు అంచు వైపు తిప్పి ఉంచండి, జారినా బండి రోడ్డు మధ్యలోకి రాకుండా పక్కకే పోతుంది. చక్రానికి రాయి పెట్టండి, వచ్చాక తీయండి. బ్రేకులు వేడి మీద ఉండగా ఆపితే చల్లారాక పట్టు మారవచ్చు, ఆ గేరు, ఆ రాయి అందుకే.

శ్రీశైలం పోయే ముందు ఒక పరీక్ష చేయండి. ఊళ్లోనే, వెనక ఎవరూ లేని చిన్న ఎక్కుడు మీద బండి ఆపి, ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, కాలి బ్రేకు మీంచి కాలు మెల్లగా తీయండి. బండి కదిలినా, లివర్ మీదిదాకా వచ్చి వదులుగా ఉన్నా కేబుల్ బిగించాల్సిన సమయం వచ్చిందన్నమాట. ఆ పని కల్వకుర్తిలోనో అచ్చంపేటలోనో చేయించుకుని ఎక్కండి. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు గేటు దాటాక చాలాదూరం అడవే, మెకానిక్ దొరకడు.